పలావులో చేపల వేట, వ్యవసాయము, వనరుల సంరక్షణ

ఈ వ్యాసము పసిఫిక్ మహాసముద్రములోని పలావు అనే ద్వీప దేశమునకు సంబంధించినది. బియ్యముతో చేసే వంటకము కొరకు పులావు వ్యాసము చూడండి.

పలావు పశ్చిమ పసిఫిక్ మహాసముద్రములో, ఫిలిప్పీన్స్ దేశమునకు తూర్పున ఉన్న ఒక చిన్న ద్వీప దేశము. స్థానిక భాషలో దీనిని బెలావు అంటారు. దేశపు భూవిస్తీర్ణము 459 చ.కి.మీ. మాత్రమే. 2020 జనాభా లెక్కల ప్రకారము ఇక్కడి జనాభా 17,614. అయితే ఈ దేశపు ప్రత్యేక ఆర్థిక మండలము, అనగా తీరము నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు చేపలు మొదలైన వనరులపై దేశమునకు హక్కు గల సముద్ర ప్రాంతము, సుమారు 6,00,000 చ.కి.మీ. వరకు వ్యాపించి ఉన్నది. నేల కంటె నీరు వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ అన్నమాట.

పలావు ప్రజల సంప్రదాయ ఆహారమునకు రెండు ఆధారములు. ఒకటి సముద్రము నుండి వచ్చే చేప, రెండవది చిత్తడి మడులలో పండే చామదుంప. ఈ రెండింటినీ కాపాడుకొనుటకు వారు శతాబ్దముల క్రితమే కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకొన్నారు. ఆ కట్టుబాట్ల పునాదిపైనే నేటి చట్టములు కూడా నిర్మించబడినవి. వనరుల సంరక్షణను గురించి చదివేవారికి పలావు ఒక మంచి ఉదాహరణ. అది సాధించిన విజయములతో పాటు చేసిన పొరపాట్లు, ఇంకా తేలని సమస్యలు కూడా తెలిసికొనదగినవి.

భౌగోళిక స్వరూపము

పలావులో 300కు పైగా దీవులు ఉన్నవి. వీటిలో బాబెల్దావోబ్ అన్నిటికంటె పెద్దది. దేశపు నేలలో అధిక భాగము ఈ ఒక్క దీవిలోనే ఉన్నది. ఇది అగ్నిపర్వత శిలలతో ఏర్పడినది. రాజధాని న్గెరుల్ముడ్ ఈ దీవిలోనే ఉన్నది (2006 వరకు కొరోర్ రాజధానిగా ఉండేది). జనాభాలో ఎక్కువ మంది నేటికీ కొరోర్ పట్టణములోనే నివసిస్తున్నారు. దేశములో 16 రాష్ట్రములు ఉన్నవి. వీటిలో కొన్ని మన గ్రామ పంచాయతీ కంటె చిన్నవి.

కొరోర్‌కు దక్షిణమున రాక్ ఐలాండ్స్ అని పిలువబడే సున్నపురాతి దీవుల సమూహము ఉన్నది. వీటి చుట్టును పగడపు దిబ్బలు కోటగోడవలె నిలిచి, లోపల లోతు తక్కువగా ఉండే ప్రశాంత జలమును ఏర్పరచినవి. దీనినే లాగూన్ అంటారు. తీరము వెంబడి మడ అడవులు, వాటి ముందు సముద్రపు గడ్డి మైదానములు, ఆ తరువాత పగడపు దిబ్బలు వరుసగా ఉంటాయి. వర్షపాతము అధికము, సంవత్సరమునకు సుమారు 3,800 మి.మీ. కురుస్తుంది. ఈ వానకు కొండవాలుల మీది మట్టి సులభముగా కొట్టుకొనిపోతుంది. ఈ విషయము ముందు ముందు ముఖ్యమవుతుంది.

పూర్వ చరిత్ర

పలావులో మానవ నివాసమునకు సుమారు మూడు వేల సంవత్సరముల చరిత్ర ఉన్నది. బాబెల్దావోబ్ కొండలను మెట్లు మెట్లుగా చెక్కిన ప్రాచీన మట్టి కట్టడములు నేటికీ కనిపిస్తాయి. రాక్ ఐలాండ్స్‌లో కూడా ఒకప్పుడు గ్రామములు ఉండేవి. రాతి గోడలు, సమాధులు, గుహలలోని చిత్రములు అందుకు సాక్ష్యములు. అయితే 17, 18 శతాబ్దములలో ప్రజలు ఆ గ్రామములను విడిచి పెద్ద దీవులకు తరలిపోయారు. వాతావరణములో వచ్చిన మార్పులు, జనాభా పెరుగుదల, పరిమితమైన ఆహార వనరులను వాడుకొన్న తీరు ఇందుకు కారణములని భావిస్తున్నారు. 2012లో యునెస్కో ఈ ప్రాంతమును ప్రకృతి, సంస్కృతి రెండింటికీ చెందిన మిశ్రమ ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. అప్పుడు పరిగణించిన అంశములలో ఈ వలస చరిత్ర కూడా ఒకటి. వనరులు తరిగితే ఊళ్ళే ఖాళీ అవుతాయన్న పాఠము పలావు ప్రజలకు తమ సొంత చరిత్రలోనే ఉన్నది.

వ్యవసాయము

పలావులో వ్యవసాయము సంప్రదాయముగా స్త్రీల పని. ముఖ్యమైన పంట చామ (స్థానిక నామము కుకావు). ఇది పండే చిత్తడి మడిని మెసెయ్ అంటారు. పలావు సమాజము మాతృవంశ సమాజము. వంశము, బిరుదు తల్లి వైపు నుండి సంక్రమిస్తాయి. గ్రామ పెద్దగా ఎవరు ఉండవలెనో నిర్ణయించుటలో వంశములోని పెద్ద స్త్రీలకు ప్రధాన పాత్ర ఉన్నది. మంచి మెసెయ్ కలిగి ఉండుట స్త్రీకి గౌరవ చిహ్నము. చామమడిని జీవమునకు తల్లిగా పోల్చే సామెత కూడా వారిలో ఉన్నది.

బాబెల్దావోబ్ మెట్టభూములు సారము తక్కువైన ఆమ్ల నేలలు. అందుచేత కొండల నడుమ పల్లపు ప్రాంతములలో, వాగు నీటిని చిన్న కాలువల ద్వారా మళ్ళించి మెసెయ్‌లు ఏర్పాటు చేస్తారు. నీరు నిలిచి కుళ్ళకుండా, వేగముగా పారి మట్టిని కోయకుండా నెమ్మదిగా కదులుచుండునట్లు చూస్తారు. పచ్చి ఆకులను కొమ్మలను బురదలో తొక్కి ఎరువుగా వాడతారు. ఈ పద్ధతిలో ఒకే మడిని తరతరములుగా సాగు చేయుట సాధ్యమవుతుంది. చామతో పాటు బ్రాక్ అనే పెద్ద చిత్తడి చామను కూడా పెంచుతారు. మెట్ట నేలలలో కర్రపెండలము, చిలగడదుంప పండిస్తారు. కొబ్బరి, అరటి, పనస జాతికి చెందిన సీమపనస కూడా ముఖ్యమైనవే.

చేపల వేట

చేపల వేట ప్రధానముగా పురుషుల పని. పలావు భాషలో ఆహారమును రెండు విధములుగా విభజిస్తారు. చేప, మాంసము వంటివి ఒడోయిమ్. దుంపలు మొదలైన పిండి పదార్థములు ఒంగ్రావోల్. ఈ రెండూ ఉంటేనే భోజనము పూర్తి అయినట్లు. ఇంటిలో పురుషుడు మొదటి దానిని, స్త్రీ రెండవ దానిని సమకూర్చుట ఆచారము. శుభాశుభ కార్యములలో బంధువర్గముల మధ్య ఇచ్చిపుచ్చుకొనే కానుకలలో కూడా ఈ విభజన కనిపిస్తుంది.

జాలరులు ఈటె, గాలము, వల ఉపయోగిస్తారు. పోటు తగ్గుచున్నప్పుడు దిబ్బ మీది నుండి లోతు నీటికి వెళ్ళే చేపలకు అడ్డుగా వల కట్టుట ఒక పద్ధతి. స్త్రీలు పోటు తగ్గిన తరువాత సముద్రపు గడ్డి మైదానములలో నడుచుచు ఆల్చిప్పలు, సముద్రదోసలు, పీతలు ఏరుకొంటారు. ఇది కుటుంబ ఆహారమునకు, చిన్నపాటి ఆదాయమునకు ఆధారము.

చంద్రుని కళలను బట్టి ఏ చేప ఏ నెలలో, ఏ తిథులలో, ఎక్కడ గ్రుడ్లు పెట్టుటకు గుమికూడుతుందో పలావు జాలరులకు బాగా తెలుసును. సముద్ర జీవశాస్త్రవేత్త రాబర్ట్ జోహానెస్ 1970లలో వీరి వద్ద ఈ విద్యను శ్రద్ధగా నేర్చుకొని, 1981లో వర్డ్స్ ఆఫ్ ది లాగూన్ అనే గ్రంథము ప్రచురించాడు. శాస్త్రజ్ఞులు అప్పటికి నమోదు చేయని అనేక జాతుల చేపల గ్రుడ్లు పెట్టే కాలములు ఇందులో వెలుగుచూసినవి. సంప్రదాయ జ్ఞానమునకు శాస్త్రలోకములో గౌరవము తెచ్చిన గ్రంథములలో ఇది ఒకటి.

ఈ జ్ఞానమునకు రెండు అంచులు ఉన్నవి. చేపలు గుమికూడే చోటు, కాలము తెలిసినవాడు వాటిని ఒక్కరోజులో పెద్ద మొత్తములో పట్టగలడు. ఆ రోజులలో వాటిని వదిలివేయను కూడా గలడు. రెండవ మార్గమునకు పలావు సమాజము పెట్టుకొన్న పేరే బుల్.

బుల్ అనే కట్టుబాటు

బుల్ అనగా గ్రామ పెద్దల సభ విధించే తాత్కాలిక నిషేధము. ఒక దిబ్బ మీద గాని, ఒక కాలువలో గాని, ఒక జాతి చేప మీద గాని కొంతకాలము వేట ఆపుచేస్తారు. మీరినవారికి జరిమానా ఉంటుంది. చేపలు గ్రుడ్లు పెట్టి, సంతతి పెరిగిన తరువాత నిషేధమును ఎత్తివేస్తారు.

ఇక్కడ గమనింపవలసిన విషయములు మూడు. మొదటిది, బుల్ ఉద్దేశము చేపను శాశ్వతముగా ముట్టకుండుట కాదు, మరల తినగలుగుట. రెండవది, నిషేధము విధించేవారు, దానివలన కొంతకాలము నష్టపడేవారు, తరువాత లాభపడేవారు అందరూ ఒకే గ్రామము వారు. మూడవది, కాపలాకు ప్రత్యేక సిబ్బంది అవసరము లేదు. చూచే కన్నులన్నీ ఊరివారివే.

1994లో ఉత్తరమున ఉన్న న్గార్చెలాంగ్, కయాంగెల్ ప్రాంతముల పెద్దలు ఎనిమిది దిబ్బ కాలువలలో గ్రూపర్ చేపలు గ్రుడ్లు పెట్టే నెలలలో వేటను బుల్ ద్వారా నిషేధించారు. ఆధునిక కాలములో కూడా ఈ ఆచారము పనిచేయగలదని ఇది చూపినది.

విదేశీ పాలనలో మార్పులు

పలావు వరుసగా స్పెయిన్, జర్మనీ (1899 నుండి), జపాన్ (1914 నుండి) పాలనలో ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత 1947 నుండి ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వము క్రింద అమెరికా పరిపాలించినది. 1994 అక్టోబరు 1న స్వాతంత్ర్యము వచ్చినది.

జర్మనుల కాలములో అంగావుర్ దీవిలో ఫాస్ఫేట్ తవ్వకము మొదలైనది. జపాను కాలములో వేలాది జపానీయులు వలస వచ్చారు. బాబెల్దావోబ్‌లో బాక్సైట్ తవ్వకములు, తోటల పెంపకము, ట్యూనా (సూర) చేపలను పట్టి ఎండబెట్టే పరిశ్రమ సాగినవి. అమెరికా కాలములో బియ్యము, డబ్బాలలో నిల్వచేసిన మాంసము, చేపలు నిత్యాహారములో చేరినవి. ప్రభుత్వ ఉద్యోగములు పెరిగి, పడుచువారు కొరోర్ చేరుటచే అనేక మెసెయ్‌లు బీడుపడినవి. నేడు పలావు తినే ఆహారములో అధిక భాగము దిగుమతి అవుచున్నది. మధుమేహము, రక్తపోటు వంటి వ్యాధులు పెరుగుటకు ఈ ఆహార మార్పు ఒక ముఖ్య కారణము.

మడిలోని మట్టి, సముద్రములోని పగడము

మెసెయ్‌లు బీడుపడుట వలన కలిగే నష్టము ఆహారముతో ఆగదు. పగడము సూర్యకాంతి మీద ఆధారపడి జీవించే ప్రాణి. దాని శరీరములో నివసించే సూక్ష్మ శైవలములు కాంతితో ఆహారము తయారుచేస్తాయి. నీటిలో మట్టి కలిసి మసకబారితే ఆ శైవలములకు వెలుతురు అందదు. మట్టి పగడము మీద పేరుకొంటే పగడము ఊపిరాడక చనిపోతుంది. పగడము పోతే అక్కడ తలదాచుకొనే చేపలు కూడా పోతాయి.

బాబెల్దావోబ్ చుట్టును సుమారు 85 కి.మీ. పొడవున నిర్మించిన రహదారి 2007లో పూర్తి అయినది. రహదారి వలన రాకపోకలు సుగమమైనవి గాని, కొండలను త్రవ్వుట, చెట్లు నరుకుట వలన మట్టి కోత పెద్ద సమస్యగా ముందుకు వచ్చినది. వాగుల నుండి వచ్చే మట్టిలో సుమారు 30 శాతమును మడ అడవులు పట్టి ఉంచుతాయని పలావులో జరిగిన పరిశోధన తెలిపినది. 2013లో ప్రచురితమైన మరొక అధ్యయనములో, చామమడులు తమ గుండా వెళ్ళే నీటిలోని మట్టిలో 90 శాతము వరకు పట్టి ఉంచగలవని తేలినది. మడి గట్లు, నెమ్మదిగా కదిలే నీరు, దట్టమైన ఆకులు కలిసి మట్టిని అడుగుకు చేరుస్తాయి. ఆ మట్టి పంటకు సారమవుతుంది. దిగువన సముద్రము తేటగా ఉంటుంది.

స్త్రీలు మడిలో చేసే పని పురుషులు వేటాడే దిబ్బను కూడా కాపాడుచున్నదని దీనిని బట్టి అర్థమవుతుంది. అందుచేత పలావులో వ్యవసాయమును, చేపల వేటను రెండు వేరు శాఖలుగా చూచుట సరికాదు.

సముద్రదోసల ఉదంతము

కట్టుబాటు సడలితే ఏమగునో తెలియుటకు 2011 నాటి సంఘటన చాలును. సముద్రదోసలకు తూర్పు ఆసియా దేశములలో మంచి గిరాకీ ఉన్నది. వాణిజ్య ఎగుమతిపై ఉన్న నిషేధమును 2011లో తాత్కాలికముగా ఎత్తివేయగా, బాబెల్దావోబ్ పశ్చిమ తీరములోని న్గార్డ్‌మావు ప్రాంతములో పెద్ద ఎత్తున సేకరణ జరిగినది. కొద్ది నెలలలోనే వాటి సంఖ్య దారుణముగా పడిపోయినది. తరతరములుగా ఆ మైదానములలో సముద్రదోసలు ఏరుకొనే స్త్రీలు వట్టి చేతులతో తిరిగిరావలసి వచ్చినది. ధనము ఒక్కసారి వచ్చినది, ఆహారము మాత్రము ఏండ్ల తరబడి పోయినది.

రాజ్యాంగము, చట్టములు

1981 నుండి అమలులో ఉన్న పలావు రాజ్యాంగము ప్రకారము, తీరము నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు గల వనరులపై ఆయా రాష్ట్రములకే యాజమాన్య హక్కు ఉన్నది. దూర ప్రయాణము చేసే ట్యూనా వంటి చేపలు మాత్రము ఇందుకు మినహాయింపు. దిబ్బలు ఊరివారివే అన్న పాత భావము ఈ విధముగా రాజ్యాంగములో స్థానము పొందినది. ముఖ్యమైన చట్టములు, చర్యలు ఈ క్రింది విధముగా ఉన్నవి.

* 1956: రాక్ ఐలాండ్స్‌లోని న్గెరుకెవిడ్ దీవులు రక్షిత ప్రాంతముగా ప్రకటించబడినవి.
* 1994: సముద్ర రక్షణ చట్టము. కొన్ని జాతుల గ్రూపర్ చేపలను ఏప్రిల్ నుండి జూలై వరకు, మెయాస్ అనే చేపను ఫిబ్రవరి, మార్చి నెలలలో పట్టుట నిషేధించబడినది.
* 2003: రక్షిత ప్రాంతముల వ్యవస్థ చట్టము. గ్రామములు, రాష్ట్రములు ఎంపికచేసిన రక్షిత ప్రాంతములకు జాతీయ ప్రభుత్వ సహాయము లభించుటకు వీలు కలిగినది.
* 2009: పర్యాటకుల నుండి 15 డాలర్ల హరిత రుసుము వసూలు మొదలైనది. 2018 నుండి దీని స్థానములో విమాన టికెట్టులోనే కలిపి 100 డాలర్ల పర్యావరణ రుసుము తీసికొంటున్నారు.
* 2009: అధ్యక్షుడు జాన్సన్ టోరిబియోంగ్ ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో పలావు జలములను సొరచేపల అభయారణ్యముగా ప్రకటించాడు. ప్రపంచములో ఇటువంటిది ఇదే మొదటిది.
* 2017: దేశములో ప్రవేశించే ప్రతి పర్యాటకుడు ప్రకృతికి హాని చేయనని పాస్‌పోర్టు మీద ముద్రించిన ప్రతిజ్ఞపై సంతకము చేయుట మొదలైనది.
* 2020: పగడములకు హాని చేసే రసాయనములు గల సన్‌స్క్రీన్ లేపనముల నిషేధము అమలులోనికి వచ్చినది.

సొరచేపను చంపుట కంటె బ్రతికి ఉండనిచ్చుటే లాభమని 2011లో వెలువడిన ఒక అధ్యయనము లెక్క కట్టినది. పలావులో దిబ్బలను ఆశ్రయించి ఉండే ఒక సొరచేప తన జీవితకాలములో పర్యాటకము ద్వారా సుమారు 19 లక్షల డాలర్ల ఆదాయమునకు కారణమవుతుంది. అదే చేప చనిపోతే దాని విలువ సుమారు 108 డాలర్లు.

జాతీయ సముద్ర అభయారణ్యము

2015 అక్టోబరు 28న అధ్యక్షుడు టామీ రెమెంగెసౌ జూనియర్ పలావు జాతీయ సముద్ర అభయారణ్య చట్టముపై సంతకము చేశాడు. ఇది 2020 జనవరి 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము ప్రత్యేక ఆర్థిక మండలములో సుమారు 80 శాతము (సుమారు 4,75,000 చ.కి.మీ.) ప్రాంతములో చేపల వేట, ఖనిజముల త్రవ్వకము నిషిద్ధము. మిగిలిన 20 శాతము దేశీయ వేటకు కేటాయించబడినది. దిబ్బ చేపల వాడకమును తగ్గించి, ప్రజలకు, పర్యాటకులకు లోతు సముద్రపు ట్యూనాను అందించుట ఈ చట్టపు ఆశయములలో ఒకటి.

ఆచరణలో కొన్ని చిక్కులు ఏర్పడినవి. అంతకు ముందు ట్యూనాను పట్టినవి ప్రధానముగా విదేశీ పడవలు. ఎగుమతికి పనికిరాని చేపలు కొరోర్ బజారుకు వచ్చేవి. ఆ పడవలు వెళ్ళిపోవుటతో స్థానికులకు అందే ట్యూనా తగ్గినది. లోతు సముద్రములో వేటాడుటకు తగిన పడవలు, మంచు నిల్వ సదుపాయములు స్థానిక జాలరులకు తక్కువ. సముద్రములో చేపలను ఆకర్షించే తేలుడు సాధనములను తీరమునకు దగ్గరలో లంగరు వేసి, చిన్న పడవలవారికి ట్యూనా అందునట్లు చేయుటకు ప్రయత్నములు జరిగినవి. లోతు సముద్రపు చేప చాలినంత రాకపోతే భారమంతా దిబ్బ చేపల మీదనే పడుతుంది. 2021లో పదవిలోనికి వచ్చిన అధ్యక్షుడు సురాంగెల్ విప్స్ జూనియర్ ఆదాయము, ఆహార భద్రత దృష్ట్యా అభయారణ్యములో కొంత భాగమును వేటకు తెరవవలెనని ప్రతిపాదించాడు. దీనిపై దేశములో తీవ్రమైన చర్చ జరిగినది.

ఇరుపక్షముల వాదములోను బలము ఉన్నది. ట్యూనా దేశముల సరిహద్దులు దాటి వేల మైళ్ళు తిరిగే చేప గనుక ఒక దేశము వేట ఆపినంత మాత్రమున అది పూర్తిగా రక్షింపబడదని కొందరి వాదము. పెద్ద నౌకల నుండి మూసివేయబడిన విశాల జలము అనేక జాతులకు ఆశ్రయము ఇస్తుందని, ఒకసారి తెరిస్తే మరల మూయుట కష్టమని ఇతరుల వాదము. ట్యూనా విషయములో పొరుగు దేశములతో కలిసి నడచుట కొరకే పలావుతో సహా ఎనిమిది పసిఫిక్ దేశములు 1982 నాటి నౌరు ఒప్పందములో సభ్యులుగా ఉన్నవి. 2024 జనవరిలో, దేశముల పరిధికి వెలుపలి సముద్రముల రక్షణకై కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందమును ప్రపంచములో అందరికంటె ముందు ధ్రువీకరించిన దేశము పలావు.

గస్తీ సమస్య

బుల్ విషయములో ఊరివారి కన్నులు చాలును. 6,00,000 చ.కి.మీ. సముద్రమునకు అవి చాలవు. పలావుకు సైన్యము లేదు. గస్తీ నౌకలు ఆస్ట్రేలియా ప్రభుత్వము, జపానుకు చెందిన నిప్పన్ ఫౌండేషన్ వంటివారు సమకూర్చినవి. 2015 జూన్‌లో అక్రమముగా వేటాడుచు పట్టుబడిన నాలుగు వియత్నాం పడవలను పలావు ప్రభుత్వము తగులబెట్టినది. వాటిలో సముద్రదోసలు, దిబ్బ చేపలు దొరికినవి.

వాతావరణ మార్పుల ప్రభావము

1998లో సముద్రజలము వేడెక్కుటచే పలావు పగడములు పెద్ద ఎత్తున తెల్లబడి చనిపోయినవి. తరువాత అనేక చోట్ల అవి కోలుకొన్నవి. 2012 డిసెంబరులో బోఫా, 2013 నవంబరులో హైయాన్ తుపానులు తాకినవి. రెండవదానిలో కయాంగెల్ దీవి బాగా దెబ్బతిన్నది. సముద్రమట్టము పెరుగుట వలన, పెద్ద పోటుల సమయములో తీరము వద్ద ఉన్న మెసెయ్‌లలోనికి ఉప్పునీరు చేరి చామ కుళ్ళిపోవుచున్నది. ఉప్పును తట్టుకొనే చామ రకములను పలావు కమ్యూనిటీ కాలేజీ పరిశీలించినది. కొందరు మడులను ఎగువకు మార్చుకొంటున్నారు. 1970లలో కొరోర్ వద్ద ప్రారంభమైన కేంద్రములో పెద్ద ఆల్చిప్పల పెంపకమునకు విజయవంతమైన పద్ధతులు రూపొందినవి. వేట మీద భారము తగ్గించుటకు ఇది ఒక ఉపాయము.

పలావు అనుభవము తెలిపేది

దిబ్బ మీద విధించే బుల్ విజయవంతమగుటకు కారణము, దానిని పాటించినవారికే తరువాత చేప దక్కుట. జాతీయ అభయారణ్యము కూడా నిలబడవలెనన్న, దాని ఫలము పలావు జాలరి పడవకు, పలావు ఇంటి భోజనమునకు చేరవలెను. అట్లు చేరనిచో ప్రజలు చట్టమును తమదిగా భావించుట కష్టము. అదే విధముగా కొండ మీది మట్టి, మడిలోని చామ, మడ అడవి, పగడపు దిబ్బ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నవి గనుక సంరక్షణ సముద్రము వద్ద గాక వాగు పుట్టే చోట ప్రారంభము కావలెను. బీడుపడిన మెసెయ్‌ను మరల సాగులోనికి తెచ్చే ప్రతి స్త్రీ, కుటుంబమునకు దుంపను, దిగువనున్న దిబ్బకు తేట నీటిని ఒకేసారి అందిస్తున్నది.

ఇవి కూడా చూడండి

* పసిఫిక్ మహాసముద్రము
* మైక్రోనేషియా
* పగడపు దిబ్బలు
* మడ అడవులు
* చామ